‘ఆ రోజుల్లో రోగాలే లేవు’ అంటే వింటూ కూర్చోలేకపోతున్నాను

తిరుపతి నుంచి ఒక పెద్దావిడ పదకొండు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు గాని, పల్లె పేరు గాని బయటపెట్టవద్దని కోరినందువల్ల ముఖ్యమైన సంగతులను మాత్రమే ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడకు ఇప్పుడు 67 ఏళ్లు. 1976లో, పద్దెనిమిదో ఏట, పాకాల దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వెళ్లారు. అత్తమామలు, ఇద్దరు మరుదులు, పెళ్లికాని ఆడబిడ్డ, తామిద్దరు, మొత్తం ఏడుగురి సంసారం. భర్త హైస్కూలు ఉపాధ్యాయులు. పద్దెనిమిదేళ్లు ఆ ఇంట్లోనే గడిపి, కొడుకు చదువు కోసం 1994లో తిరుపతికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన రిటైరై పదిహేనేళ్లయింది. కొడుకు, ఉద్యోగం చేస్తున్న కోడలు, పన్నెండేళ్ల మనవరాలు, ఎనిమిదేళ్ల మనవడు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు.

భర్త మంచి మనిషేనని ఆవిడ రెండు చోట్ల రాశారు. ఇబ్బందల్లా ఆయన మాటలతోనే. భోజనానికి కూర్చున్న ప్రతిసారీ పాత రోజుల ప్రస్తావన వస్తుంది. కట్టెల పొయ్యి మీద కెలికిన సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి, చేదబావి నీళ్లు, అన్నీ బంగారమని, ఇప్పటివన్నీ మనిషిని సోమరిని చేసే వస్తువులని ఆయన అంటారు. కోడలు వాషింగ్ మెషీన్ వేసినా, మిక్సీ తిప్పినా, “మీ అత్త ఏడుగురికి వండి వార్చింది, ఒక్కనాడైనా విసుక్కున్నది లేదు” అంటారు. మూడు నెలల క్రితం మనవరాలికి ఏదో చెబుతూ, “ఆ రోజుల్లో రోగాలే లేవమ్మా” అన్నారు. ఆ పిల్ల ఈవిడ వైపు తిరిగి “నిజమేనా అవ్వా?” అని అడిగింది. ఈవిడ జవాబు చెప్పలేక లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. 1981 మే నెలలో ఆవిడ రెండో బిడ్డ, పదకొండు నెలల ఆడపిల్ల, వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లితే ఎడ్లబండిలో పాకాలకు తీసుకుపోతుండగా దారిలోనే చనిపోయింది. నలభై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ పేరు ఎత్తలేదు.

మరొక సంగతి. నిరుటి నుంచి ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. వేలూరు వెళ్లి చూపించుకుంటే అక్కడి డాక్టరు మొదట “బీడీ గాని, చుట్ట గాని తాగే అలవాటు ఉందా?” అని అడిగారు. లేదనగానే “కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారు?” అని అడిగారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని చెప్పి పీల్చే మందు రాసిచ్చారు. ఇంట్లో మాత్రం “కొంచెం ఆయాసమంట” అని చెప్పి ఊరుకున్నారు.

ఇప్పుడు ఆయన పల్లెలోని పాత మిద్దెను బాగుచేయించి, వచ్చే సంక్రాంతికి తామిద్దరూ అక్కడికి వెళ్లిపోవాలని పట్టుబడుతున్నారు. పెరట్లో మట్టి పొయ్యి వేయిస్తారట. గ్యాసు, మిక్సీ ఏవీ వద్దట. మేస్త్రీతో మాట్లాడి బయానా కూడా ఇచ్చేశారు. “నలభై తొమ్మిదేళ్లు నోరు విప్పని దాన్ని ఇప్పుడు విప్పితే, చనిపోయిన అత్తగారిని నిందించినట్లు అవుతుందా? ఆయన మనసు విరిగిపోతుందా? ఆయన వెంట వెళ్లడమా, మానడమా? నేను చెప్పుకొనేవన్నీ సణుగుడేమోనని నాకే అనుమానంగా ఉంది” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ముందుగా మీ చివరి వాక్యానికి జవాబు చెబుతాను. మీరు రాసినదాంట్లో సణుగుడు ఒక్క పంక్తిలో కూడా లేదు. బావి నుంచి ఇంటికి పొద్దున ఎనిమిది బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు మోసేదాన్నని మీరు మూడో పేజీలో ఒక్క మాటలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగి లెక్క వేశాను. బిందెకు పదిహేను లీటర్లనుకున్నా రోజుకు 180 కిలోల బరువు. ఏడాదికి 65 టన్నులు దాటుతుంది. గిలక మీద చేంతాడు లాగిన శ్రమ ఇందులో కలపలేదు. ఎండాకాలంలో నీళ్లు అడుగంటి చేదకు సగం బురద వచ్చిన రోజులనూ, మీరు కడుపుతో ఉండి మోసిన రోజులనూ లెక్కలోకి తీసుకోలేదు. ఒక మనిషి పద్దెనిమిదేళ్లు ఇంత బరువు మోసి, ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, అది కూడా సణుగుడేమోనని సందేహిస్తున్నారంటే, ఆ సందేహం మీలో ఎవరో నాటినదే గాని మీకై మీకు పుట్టినది కాదు.

మీవారి మాటలు అబద్ధాలని నేను అనడం లేదు. ఆ సంగటి రుచిగా ఉండేది, నిజమే. అప్పుడే నూరిన ఊరుబిండిలో చెనిక్కాయల వాసన వేరు, అదీ నిజమే. అయితే ఆయన జ్ఞాపకం కంచం దగ్గర మొదలవుతుంది. మీ జ్ఞాపకం తెల్లవారుజామున పొయ్యిలో బూడిద ఎత్తిపోసే దగ్గర మొదలై, తడిసిన కట్టె అంటుకోక ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడి, చెరుకు ఆకు ఎగదోసి మంట లేపి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిని, మసిపట్టిన సట్టిని బూడిదతో తోమే దగ్గర ముగుస్తుంది. మీరిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కాలంలో ఉన్నారు. అయినా ఆ కాలం మీ ఇద్దరికీ ఒకటిగా గడవలేదు. ఈ తేడాను ఆయన ముందు పెట్టాలా, పెడితే ఎలా పెట్టాలి అన్నదే మీ ప్రశ్నలన్నిటికీ మూలమని నాకు అనిపిస్తోంది.

ఆయన వైపు నుంచి కూడా కాసేపు చూద్దాం. డెబ్బై మూడేళ్ల మనిషి ‘ఆ రోజులు’ అన్నప్పుడు ఆయన మనసులో ఉండేది పొయ్యి, రోలు మాత్రమే కాదు. తల్లిదండ్రులు బతికి ఉన్నారు. ఒంట్లో సత్తువ ఉంది. సైకిలు దిగుతుంటే పల్లె మొత్తం ‘అయ్యవారు’ అని లేచి నిలబడేది. ఇప్పుడు ఫోను ఎలా వాడాలో మనవణ్ని అడిగి తెలుసుకోవలసి వస్తోంది. పోగొట్టుకున్నవన్నీ చేతికి అందనివి కాబట్టి, అందే వస్తువులను, అంటే మట్టి పొయ్యిని, చేదబావిని పట్టుకొని వెనక్కి వెళ్లాలని చూస్తున్నారు. ఆ దిగులు నిజమైనది, దాన్ని తక్కువ చేయకండి. కానీ ఆ దిగులు తీరడానికి మీరు మళ్లీ పొగలో కూర్చోవలసిన అవసరం లేదు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే సగం దారి నడిచినట్టే.

ఇక ‘రోగాలే లేవు’ అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన చోటు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో 1981లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 110 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే చనిపోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. అంటే ఆ రోజుల్లో మీ పల్లెలో తొమ్మిది పది పురుళ్లకు ఒక ఇంట్లో ఇలాంటి దుఃఖం ఉండేది. మీ అత్తగారికీ ఒకరిద్దరు బిడ్డలు దక్కలేదేమో, మీరు అడిగి ఉండరు, ఆవిడ చెప్పి ఉండరు. మీవారు ఉపాధ్యాయులు. పోలియో వచ్చి ఒక కాలు సన్నబడి, మోకాలి మీద చేయి ఆనించి నడిచే పిల్లవాడు ఆయన తరగతిలో తప్పకుండా ఉండి ఉంటాడు. మన దేశంలో సహజంగా సోకే పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, ఆ తర్వాత అలాంటిది మరొకటి లేదు. ఆయన చిన్నతనంలో అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడినవాళ్లను ఊరూరా చూసే ఉంటారు. ఆ మశూచి దేశం నుంచి 1975లో వెళ్లిపోయింది. దిగుడుబావి నీళ్లు తాగినవాళ్ల కాళ్లలోంచి నారికురుపు పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగడం మన రాష్ట్రంలోనే ఎంతోమంది చూశారు. ఆ జబ్బు లేదని దేశానికి ధ్రువీకరణ దక్కింది 2000లో. ‘రోగాలే లేవు’ అనడం కన్నా, రోగాలకు పేర్లు లేవు, చూసే డాక్టరు అందుబాటులో లేడు, పోయినవాళ్ల లెక్క ఇంటి గడప దాటలేదు అనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

మీ పాపకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ‘నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతాయి, ఇవ్వద్దు’ అని అత్తగారు అన్నారని, మీరు ఇవ్వలేదని, పాప మీ చేతిలోని గ్లాసు వైపు చూసిన చూపు ఈనాటికీ మరపురాదని రాశారు. ఈ పేజీలో అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అమ్మా, ఆ మాట మీ అత్తగారు ఒక్కరే అన్నది కాదు. అప్పట్లో పల్లెల్లో చాలా ఇళ్లలో తల్లులకు చెప్పిన మాట అదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. నీళ్లు ఇవ్వకపోవడమే ప్రాణం తీస్తుందని, ఇస్తే బతికించవచ్చని వైద్యులకు అప్పటికి తెలిసింది. ఆ తెలివిడి ఓఆర్ఎస్ పొట్లంగా మారి, పల్లెలోని తల్లి చేతికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మీ ఇంటికి అది సమయానికి చేరలేదు. మీ ఊరికి రాత్రిపూట బస్సు లేదు, ఇంట్లో ఫోను లేదు, పాకాల దాకా ఏడు కిలోమీటర్లు ఎడ్లబండిలోనే వెళ్లాలి. ఇందులో మీ తప్పు ఏదని నేను వెతికినా దొరకలేదు. మీ అత్తగారి తప్పు కూడా నాకు కనిపించలేదు. ఆవిడ తనకు తెలిసిన ఒకే ఒక్క జాగ్రత్త చెప్పారు.

కాబట్టి ‘ఇప్పుడు చెబితే అత్తగారిని నిందించినట్లు అవుతుందా’ అన్న భయం మీకు అవసరం లేదు. మీరు నిందించేది మనిషిని కాదు. నీళ్లు లేని, దారి లేని, తెలివిడి అందని ఆ కాలాన్ని. ఆ కాలం అత్తగారిని కూడా వదిలిపెట్టలేదు. ఆవిడ కూడా అదే పొగలో మీకన్నా ముప్పై ఏళ్లు ముందు నుంచీ కూర్చున్నారు.

ఇక్కడ మీకు ఒక అనుమానం చెప్పాలి. అది తప్పు కూడా కావచ్చు. ఆ బండి తోలింది మీవారేనని మీరు రాశారు. ‘ఆ రోజుల్లో రోగాలే లేవు’ అని పదే పదే అనే మనిషి, ఆ రాత్రిని మరిచిపోయినవాడు కాకపోవచ్చు. ఆ రాత్రి వైపు తల తిప్పలేక, దాని చుట్టూ అంతా బంగారమని గోడ కట్టుకున్నవాడు కావచ్చు. మగవాళ్లు బిడ్డ కోసం ఏడవకూడదని నేర్పిన కాలం కూడా అదే. ఈ మాట మీ కోపం తగ్గించడానికి చెప్పడం లేదు. ఆయనతో ఏ వైపు నుంచి మాట్లాడాలో ఎంచుకొనేటప్పుడు ఇది మీకు పనికివస్తుందని చెబుతున్నాను.

కోడలి సంగతి. దీన్ని మీరు పక్కన పెట్టి రాశారు గాని, నాకు ఇది చిన్నదిగా కనిపించలేదు. ఆయన మిమ్మల్ని తూకపురాయిగా పెట్టి కోడల్ని తూస్తున్నారు. ‘మీ అత్త విసుక్కోలేదు’ అన్నప్పుడల్లా, మీ మౌనం ఆ మాటకు సాక్ష్యమవుతోంది. మీ కోడలు మీ గురించి ఏమనుకుంటున్నదో మీకు తెలియదు. బహుశా మీరు కూడా మామగారి పక్షమేననుకుంటూ ఉండవచ్చు. ఆమె ఆఫీసు నుంచి వచ్చి, మెషీన్లో బట్టలు వేసి, ఆ అరగంట కొడుకు చేత లెక్కలు చేయిస్తుందని మీరే రాశారు. చెరువు గట్టున బండ మీద ఏడుగురి బట్టలు ఉతికిన రోజుల్లో మీ పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని ఒక పద్యం చెప్పే తీరిక మీకు ఎన్నిసార్లు దొరికింది? ఈ ప్రశ్న ఆమెకు చెప్పండి. ‘నేను విసుక్కోలేదు అన్నది నిజం కాదమ్మా, విసుక్కొనే వీలు లేక ఊరుకున్నాను’ అన్న ఒక్క మాట మీ నోటి నుంచి విన్ననాడు ఆ పిల్లకు ఇంట్లో ఊపిరాడుతుంది. దీనికి మీవారి అనుమతి అక్కర్లేదు, ఈ రోజే చెప్పవచ్చు. దీనివల్ల ఇబ్బంది ఒకటి రావచ్చు. ఏదో ఒక పట్టున కోడలు మామగారికి ఎదురు చెబుతూ ‘అత్తమ్మే చెప్పింది’ అంటుంది, మీ మాట ఆయనకు మీ ద్వారా కాకుండా ఆమె ద్వారా చేరుతుంది. అది జరగకుండా ఉండాలంటే, ముందు ఆయనతో మీరే మాట్లాడి, ఆ తర్వాత కోడలితో చెప్పడం ఒక పద్ధతి.

మీరు రాసిన తక్కిన బాధలను కూడా చదివాను. చీకటి పడే దాకా ఆపుకొని ఆడవాళ్లంతా కలిసి చెరువు కట్ట వైపు వెళ్లడం, వానాకాలంలో పాముల భయం, నెలసరి మూడు రోజులూ కొట్టం వసారాలో గోనెసంచి మీద పడుకోవడం, ఉతికిన గుడ్డను ఎండ తగలని చోట దాచి ఆరేసుకోవడం. మా అమ్మ కూడా ఇలాగే ఆపుకొని ఆపుకొని, పగలు మంచినీళ్లు తాగడమే తగ్గించుకున్న మనిషి. ఆ అలవాటు ఇంట్లో మరుగుదొడ్డి కట్టించాక కూడా పోలేదు. 2011 జనగణన నాటికి కూడా దేశంలోని పల్లెల్లో వంద ఇళ్లకు 31 ఇళ్లలోనే మరుగుదొడ్డి ఉంది. ‘ఆ రోజులు’ అంత పాతవి కూడా కావు. దూరపు ఊరికి ఫోను చేయాలంటే ట్రంక్ కాల్ కోసం పోస్టాఫీసులో పూటంతా కూర్చోవడం, టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలవడం వంటివి మీ ఇద్దరూ కలిసి పడ్డ కష్టాలు. మాట మొదలుపెట్టడానికి ఇవి పనికివస్తాయి. ఆయనకూ గుర్తుంటాయి, వీటిలో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు.

ఇప్పుడు పొయ్యి విషయం. మిగతా వాటిలో మీరు సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. ఈ ఒక్కదానిలో మాత్రం సర్దుబాటుకు చోటు లేదని నా అభిప్రాయం. కట్టె, పిడక, చెరుకు ఆకు కాలినప్పుడు వచ్చే పొగలోని కంటికి ఆనని నుసి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చుంటుంది. జీవితంలో పొగాకు ముట్టని ఆడవాళ్లకు కూడా, బీడీలు తాగేవాళ్లకు వచ్చే సీఓపీడీ అనే జబ్బు ఏళ్ల తరబడి వంటపొగ వల్ల వస్తుందని వైద్యులకు బాగా తెలుసు. మీ డాక్టరు రెండో ప్రశ్న అడిగింది అందుకే. దెబ్బతిన్న భాగం మళ్లీ కొత్తగా మారదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం మన చేతిలో ఉంది, దానికి మొదటి షరతు మళ్లీ పొగ పీల్చకపోవడం. పొయ్యి పెరట్లో, రేకుల షెడ్డు కింద వేసినా, వండేది మీరు కాకపోయినా, పొగ మీ గదిలోకి వస్తే ఫలితం ఒక్కటే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు ఆడవాళ్ల పేరు మీద ఇచ్చినప్పుడు, దాన్ని వాళ్లు ఎందుకంత అపురూపంగా చూసుకున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. సిలిండర్ కోసం ఏళ్ల తరబడి పేరు రాయించుకొని ఎదురుచూసిన రోజులు మీకూ తెలుసు.

మీరు ఇంట్లో ‘కొంచెం ఆయాసమంట’ అని చెప్పడం మాత్రం సరి కాదు, ఈ మాట నిష్ఠూరంగా అనిపించినా చెప్పక తప్పదు. మీవారు మట్టి పొయ్యికి బయానా ఇచ్చింది మీ జబ్బు సంగతి తెలిసి కాదు. తెలియక ఇచ్చారు. తెలిసిన తర్వాత కూడా పట్టుబడితే అది వేరే మాట. ఆ అవకాశం ఆయనకు మీరు ఇంకా ఇవ్వలేదు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, ఇన్నాళ్లలాగే ఊరుకొని ఆయన వెంట వెళ్లడం. ఇంట్లో గొడవ ఉండదు, సంక్రాంతి సందడిగా జరుగుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఆయాసం ఎక్కువైతే, పల్లె నుంచి ఆసుపత్రికి మళ్లీ అదే దారిలో వెళ్లాలి. ఈసారి బండికి బదులు కారు ఉంటుంది, అంతే తేడా. ఈ దారిని నేను మీకు సూచించలేను.

రెండోది, కొడుకు చేత చెప్పించడం. జబ్బు విషయం వరకు ఇది పనిచేస్తుంది. రిపోర్టు చేతిలో పెట్టి కొడుకు చెబితే తండ్రి వింటారు, పొయ్యి మానేస్తారు. కానీ పాప సంగతి, పాత రోజుల బరువు సంగతి కొడుకు చెప్పవలసినవి కావు. ఆ పాప పోయేనాటికి అతనికి మూడేళ్లు. అతని నోట ఆ మాట వింటే, భార్య తనతో చెప్పుకోకుండా పిల్లలతో చెప్పుకుందని ఆయన చిన్నబుచ్చుకుంటారు, ఆ చిన్నబుచ్చుకోవడంలో న్యాయం కూడా ఉంటుంది.

మూడోది, మీరే ఆయనతో ఒంటరిగా మాట్లాడటం. భోజనాల దగ్గర, అందరి ముందు వద్దు. అక్కడ ఆయన తాతయ్య, మామగారు, నాన్న. ఎదుటివాళ్ల ముందు పట్టు వదలలేరు. ‘మీరు చెప్పేవి తప్పు’ అని మొదలుపెడితే వాదన అవుతుంది, నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషితో వాదనలో గెలవడం కష్టం, గెలిచినా మీకు కావలసింది దక్కదు. ‘మీకు ఆ సంగటి గుర్తుంది, నాకు ఆ రోజు బండి గుర్తుంది’ అని పాప పేరుతో మొదలుపెట్టవచ్చు. ఆ పేరు మీ ఉత్తరంలో ఒక్కచోట రాసి కొట్టేశారు, కానీ నాకు కనిపించింది. ఆయన వెంటనే లేచి వెళ్లిపోవచ్చు. రెండు మూడు రోజులు మాట్లాడకపోవచ్చు. కోపంతో ‘ఇన్నాళ్లూ నన్ను మోసం చేశావా’ అనవచ్చు. ఇవన్నీ జరిగే అవకాశం ఉందని ముందే తెలుసుకొని మొదలుపెట్టండి. ఆ మౌనాన్ని చూసి భయపడి ‘ఏదో అన్నానులెండి’ అని మాట వెనక్కి తీసుకోకండి. తీసుకుంటే మరో నలభై ఏళ్లకు తలుపు మూసినట్టే.

నాలుగోది, మాట పెగలకపోతే, నాకు రాసినట్లే ఆయనకు రాయడం. మీ చేతిరాత చక్కగా ఉంది, వాక్యం సూటిగా ఉంది. ఉపాధ్యాయుడు కాబట్టి ఆయన కాగితం మీదిది చివరిదాకా చదువుతారు. మధ్యలో అడ్డు తగలడానికి వీలుండదు. అయితే కాగితం ఇంట్లో ఎవరి చేతనైనా పడవచ్చు. కాబట్టి మరుదుల మీద, ఆడబిడ్డ మీద రాసిన రెండు పేజీలు అందులో చేర్చకండి. ఆ సంగతులు వేరే, వాటికి ఇప్పుడు ఆయన చేయగలిగింది లేదు.

పల్లెకు వెళ్లడమా, మానడమా అన్నది దీని తర్వాతే తేలుతుంది. మిద్దె బాగుచేయించడం చెడ్డ పని కాదు. ఆ ఇంట్లో గ్యాసు, మోటారుకు కలిపిన కొళాయి, పడకగదికి ఆనుకొని బాత్రూము, మిక్సీ ఉండి, పనికి ఒక మనిషి దొరికితే, ఏడాదిలో నాలుగైదు నెలలు అక్కడ ఉండటం మీకు కూడా బాగుండవచ్చు. మీరు కూడా ఆ వేపచెట్టు గాలి గురించి ప్రేమగా రాశారు. మేస్త్రీ పునాది జోలికి వెళ్లకముందే ఈ మాట చెప్పాలి, గోడలు లేచాక చెబితే ఖర్చు మాట ముందుకొస్తుంది. రోలు కావాలంటే ఉంచండి. ఊరుబిండి తినాలనిపించిన నాడు ఆయనే కూర్చొని నూరితే, ఆ రుచి వెనుక ఎంత భుజం నొప్పి ఉందో వారంలో తెలుస్తుంది. ఇది శిక్షగా చెప్పడం లేదు. ఇష్టమైన పనిని ఇష్టపడినవాళ్లు చేయడమే న్యాయం. సంగటి గ్యాసు మీద కూడా కుదురుతుంది, సన్నని సెగ మీద కాస్త ఓపిగ్గా కెలకాలి, అంతే.

వీటిలో దేనికీ ఆయన ఒప్పుకోకపోతే, మీరు తిరుపతిలో కొడుకు దగ్గరే ఉంటానని, ఆయన కావాలంటే వెళ్లి వస్తూ ఉండవచ్చని చెప్పే హక్కు మీకు ఉంది. బంధువులు నాలుగు మాటలు అంటారు. ముసలితనంలో మొగుణ్ని ఒంటరిగా వదిలేసిందంటారు. ఆయనకు చేసి పెట్టేవాళ్లు లేక ఇబ్బందిపడతారు, అది చూసి మీరు లోపల నలిగిపోతారు. ఈ నలుగుడును, ఆయాసాన్ని రెంటినీ తూచుకొని మీరే నిర్ణయించుకోవాలి. ఏది ఎంచుకున్నా నాకు అర్థమవుతుంది.

మనవరాలి ప్రశ్న మూడు నెలలుగా జవాబు లేకుండా ఉంది. పన్నెండేళ్ల పిల్లకు చావు గురించి చెప్పకూడదేమోనని మీరు సందేహించారు. చెప్పవచ్చు. మీ నాన్నకు ఒక చెల్లెలు ఉండేదని, ఇప్పుడు మీ ఇంట్లో అలమారలో ఉన్న ఓఆర్ఎస్ పొట్లం లాంటిది అప్పుడు అందక చనిపోయిందని చెబితే ఆ పిల్ల భయపడదు, గుర్తుపెట్టుకుంటుంది. తాతయ్య అబద్ధం చెప్పాడని మాత్రం అననివ్వకండి. ఆయనతో మాట్లాడిన తర్వాతే ఈ మాట చెప్పండి, వీలైతే ఆయన కూడా పక్కన ఉన్నప్పుడు చెప్పండి.

వచ్చే నెల మళ్లీ వేలూరు పరీక్షకు వెళ్లాలని, కొడుకు సెలవు పెట్టి కారులో తీసుకెళ్తానన్నాడని రాశారు. కొడుకును ఆఫీసుకు పంపి, ఈసారి మీవారిని వెంటబెట్టుకొని బస్సులో వెళ్లండి. డాక్టరు గదిలోకి ఆయన్ని కూడా రమ్మనండి. కట్టెల పొయ్యి ప్రశ్న ఆయన చెవిన పడేలా డాక్టరును మీరే మళ్లీ అడగండి. తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు దాటాక బస్సు పాకాల వైపు వస్తుంది. కిటికీ పక్కన మీరు కూర్చోండి. పాప పేరు చెప్పడానికి మీకు అంతకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు.